ఈఎస్‌పీ32 బోర్డు: విద్యార్థుల సెన్సార్ రోబోకు ఎంతవరకు సరిపోతుంది?

ఇంజినీరింగ్ కళాశాలల్లో మూడో సంవత్సరం మినీ ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే, దూరం నుంచి నడిపే సెన్సార్ రోబో ఏదో ఒక జట్టు జాబితాలో తప్పకుండా ఉంటుంది. దానికి మెదడులా పనిచేసే చిన్న కంప్యూటరు బోర్డుగా ఏది వాడాలని అడిగితే ఇప్పుడు ఎక్కువమంది చెప్పే పేరు ఈఎస్‌పీ32. నేను గైడుగా ఉన్న ఒక జట్టు, ధాన్యం గోదాములో బస్తాల వరుసల మధ్య తిరుగుతూ ఉష్ణోగ్రతను, గాలిలో తేమను, పొగ జాడను కొలిచి బయట నిలబడిన మనిషికి చేరవేసే రోబోను ఈ బోర్డుతోనే తయారుచేసింది. ఆ పనిలో బోర్డు ఎక్కడ అక్కరకు వచ్చిందో, ఎక్కడ విసిగించిందో చెప్పడానికే ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ ధరలో ఈ పనికి ఇంతకంటే మంచి బోర్డు నాకు కనిపించలేదు, కానీ కరెంటు సరఫరా సంగతి పట్టించుకోని జట్టుకు ఇదే బోర్డు చుక్కలు చూపిస్తుంది.

షాంఘైకి చెందిన ఎస్ప్రెసిఫ్ సంస్థ 2016లో విడుదల చేసిన ఈ చిప్‌లో 240 మెగాహెర్ట్జ్ వరకు నడిచే రెండు కోర్లు, 520 కిలోబైట్ల ర్యామ్, వైఫై, బ్లూటూత్ అన్నీ ఒకే చోట ఉన్నాయి. మన ల్యాబుల్లో ఏళ్ల తరబడి రాజ్యమేలిన ఆర్డుయినో యునో ఆర్3 బోర్డు వేగం 16 మెగాహెర్ట్జ్, ర్యామ్ 2 కిలోబైట్లు. పైగా దానికి రేడియో లేదు కాబట్టి హెచ్‌సీ-05 వంటి బ్లూటూత్ మాడ్యూలును విడిగా తగిలించాలి. ఆ రెంటికీ కలిపి పెట్టే డబ్బుకు తక్కువలోనే ఈఎస్‌పీ32 వస్తుంది. మోటార్లను నడపడం, సెన్సార్లను చదవడం, రేడియోతో మాట్లాడడం అనే మూడు పనులనూ అది ఒక్కటే ఒత్తిడి లేకుండా చేస్తుంది. యునోతో పోలిస్తే లోటు ఒక్కటి ఉంది. యునో మొండిది, విద్యార్థులు పొరపాటున ఏది ఎక్కడ తగిలించినా చాలావరకు తట్టుకుంటుంది. ఈఎస్‌పీ32 పిన్నులు 3.3 వోల్టులకు ఉద్దేశించినవి, వాటి మీదికి 5 వోల్టులు పంపితే ఆ ఓర్పును ఆశించకూడదు. ధ్వనిని పంపి, అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరాన్ని కొలిచే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 సెన్సారు ఎకో పిన్ను 5 వోల్టులు వదులుతుంది కాబట్టి, మధ్యలో ఒక కిలో ఓము, రెండు కిలో ఓముల రెసిస్టర్లతో వోల్టేజిని తగ్గించి ఇవ్వడం తప్పనిసరి. అవి లేకుండానే తమ బోర్డు పనిచేస్తోందని చెప్పే జట్లు ఉంటాయి. డెమో రోజు దాకా పనిచేస్తుందన్న హామీ మాత్రం ఎవరూ ఇవ్వలేరు.

ఈ బోర్డుతో పని మొదలుపెట్టే జట్టు సోల్డరింగ్ ఐరన్ ముట్టుకునే ముందు కాగితం మీద పిన్నుల పట్టిక వేసుకోవాలి, ఎందుకంటే ఇందులో అన్ని పిన్నులూ ఒకలాంటివి కావు. 34 నుంచి 39 వరకు ఉన్నవి ఇన్‌పుట్‌కు మాత్రమే పనికొస్తాయి, వాటితో మోటార్లకు కరెంటు అందించే మోటారు డ్రైవరును నడపలేము. 6 నుంచి 11 వరకు ఉన్నవి లోపలి ఫ్లాష్ మెమరీకి అంకితం, వాటి జోలికే పోకూడదు. అన్నింటికంటే తిప్పలు పెట్టేది 12వ పిన్ను. బోర్డు మేలుకునే క్షణంలో ఈ పిన్ను మీద వోల్టేజి ఉంటే ఫ్లాష్‌కు 3.3కు బదులు 1.8 వోల్టులు ఇవ్వాలని చిప్ అర్థం చేసుకుంటుంది, దాంతో బోర్డు అసలు మొదలే కాదు. మా జట్టు ఉష్ణోగ్రతను, తేమను కొలిచే డీహెచ్‌టీ22 సెన్సారు డేటా వైరును తెలియక ఇక్కడే పెట్టింది. ఆ మాడ్యూలు మీద ఉండే పుల్‌అప్ రెసిస్టరు ఆ పిన్నును ఎప్పుడూ పైకి లాగి ఉంచుతుంది. సెన్సారు తీసేస్తే బోర్డు లేచేది, తగిలిస్తే లేచేది కాదు. సెన్సారే చెడిపోయిందని రెండోది తెప్పించి చూశారు, అదీ అంతే. వైరును 27వ పిన్నుకు మార్చగానే సమస్య పోయింది. ఈ వివరాలన్నీ తయారీదారు పత్రాల్లో స్పష్టంగా ఉన్నాయి. కానీ బోర్డు మీద అచ్చువేసిన అంకెలను చూస్తే ఏ పిన్ను ఎలాంటిదో ఎవరికీ తెలియదు, కొత్తవారు ఇంతగా వాడే బోర్డులో దీన్ని నేను లోపంగానే లెక్కిస్తాను.

ఇక కరెంటు సంగతి. వైఫై సంకేతం పంపే క్షణంలో ఈ చిప్ 240 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంది. సరఫరాకు కనీసం 500 మిల్లీ ఆంపియర్ల సత్తా ఉండాలని తయారీదారు సూచన. ఆ పక్కనే బీఓ మోటార్లు ఉంటాయి. పసుపు రంగు ప్లాస్టిక్ గేరు పెట్టెతో వచ్చే ఈ మోటార్లు మామూలుగా తిరిగేటప్పుడు సాధువుల్లా ఉన్నా, చక్రం ఇరుక్కున్నా, ముందుకు పోతున్నదాన్ని ఒక్కసారిగా వెనక్కి తిప్పినా కరెంటును అనేక రెట్లు లాగుతాయి. మా జట్టు 18650 అనే పరిమాణంలో వచ్చే రెండు లిథియం సెల్లులను వరుసగా కలిపి ఎల్298ఎన్ మోటారు డ్రైవరుకు ఇచ్చి, ఆ డ్రైవరు మీదున్న 5 వోల్టుల రెగ్యులేటరు నుంచే ఈఎస్‌పీ32కు కరెంటు తీసుకుంది. చాలా జట్లు ఇలాగే చేస్తాయి, ఎందుకంటే వైర్లు తక్కువ పడతాయి. రోబో నేరుగా పోతున్నంతసేపు బాగానే ఉండేది. జాయ్‌స్టిక్‌ను వెనక్కి లాగగానే ఉలుకూ పలుకూ లేకుండా నిలిచిపోయి, క్షణం తర్వాత ఏమీ ఎరగనట్టు మళ్లీ లేచేది.

“సార్, బోర్డు పోయినట్టుంది, కొత్తది తెప్పిద్దాం” అన్నాడు వైరింగ్ చూసే కుర్రాడు. అసలు గమ్మత్తు ఏమిటంటే, తప్పు పట్టుకుందామని ల్యాప్‌టాప్ కేబులు తగిలించిన ప్రతిసారీ రోబో బుద్ధిగా నడిచేది. కేబులు తగిలిస్తే బోర్డుకు కరెంటు ల్యాప్‌టాప్ నుంచి వస్తుంది కాబట్టి బ్యాటరీ తప్పు బయటపడదు. చివరికి బోర్డు ఎందుకు రీసెట్ అయిందో కోడులోనే అడిగి తెలుసుకొని, ఆ కారణాన్ని రేడియోలో రిమోటు తెరకు పంపేలా రాశారు. ఈ సదుపాయం ఈ చిప్‌లో ఉండటం నిజంగా మెచ్చుకోదగినది. తెర మీద ‘బ్రౌనౌట్’ అన్న మాట కనిపించింది, అంటే వోల్టేజి పడిపోవడం వల్ల చిప్ తనను తాను ఆపుకుంది. మల్టీమీటరు పెట్టి చూస్తే, 5 దగ్గర ఉండాల్సిన అంకె మోటార్లు దిశ మార్చిన ప్రతిసారీ 4 కిందికి జారుతోంది. బోర్డుకు ఏ రోగమూ లేదు. బ్యాటరీ నుంచి, వోల్టేజిని తగ్గించి ఇచ్చే ఎల్‌ఎం2596 బక్ కన్వర్టరు ద్వారా బోర్డుకు విడిగా 5 వోల్టులు ఇచ్చి, దాని పక్కన 1000 మైక్రోఫారడ్ కెపాసిటరు పెట్టి, మోటారు కొనల మధ్య 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్లు సోల్డరు చేశాక ఆ రీసెట్లు మళ్లీ రాలేదు. గ్రౌండు వైర్లు మాత్రం అన్నీ ఒకచోట కలవాలి.

ఎల్298ఎన్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. అది బైపోలార్ ట్రాన్సిస్టర్లతో నడిచే పాత తరం చిప్, దారిలోనే దాదాపు 2 వోల్టులు మింగేస్తుంది. 7.4 వోల్టుల బ్యాటరీ పెడితే మోటార్లకు దక్కేది అయిదున్నర లోపే, మిగిలింది ఆ నల్లని హీట్‌సింకును వేడి చేయడానికే. రెండు చక్రాలు, ఎటైనా తిరిగే ఒక చిన్న ఆసరా చక్రం (క్యాస్టరు) ఉన్న చిన్న రోబోకయితే తోషిబా వారి టీబీ6612ఎఫ్‌ఎన్‌జీ ఎంతో మేలు, అది మాస్‌ఫెట్లు అనే మరో రకం ట్రాన్సిస్టర్లతో పనిచేస్తుంది కాబట్టి నష్టం చాలా తక్కువ. దాని పరిమితి ఒక్కో ఛానలుకు 1.2 ఆంపియర్లు. అందువల్ల నాలుగు మోటార్ల బండికి మాత్రం నేను దాన్ని సూచించను.

రేడియో విషయంలో ఈఎస్‌పీ32కు పూర్తి మార్కులు వేయవచ్చు. ఫోనులో వెబ్ పేజీ తెరిచి నడపడం చూడముచ్చటగా ఉంటుంది కానీ, ఆదేశం ఆలస్యంగా అందుతుంది, ఫోను తెర ఆరిపోతే పట్టు తప్పుతుంది. రెండో ఈఎస్‌పీ32కు ఒక జాయ్‌స్టిక్, చిన్న తెర తగిలించి రిమోటుగా మార్చి, రెండు బోర్డుల మధ్య ఈఎస్‌పీ-నౌ అనే పద్ధతిని వాడటం అన్నివిధాలా ఉత్తమం. దీనికి రూటరు అక్కరలేదు, ఒక్కో సందేశంలో 250 బైట్ల దాకా పట్టేలా మొదటినుంచీ ఏర్పాటు ఉంది. జాయ్‌స్టిక్ విలువలు అటు పోవడానికి, సెన్సారు లెక్కలు ఇటు రావడానికి ఇందులో పదో వంతు చాలు. జట్టు మరిచిపోకూడనిది ఒకటుంది. సంకేతం తెగిపోతే రోబో చివరి ఆదేశాన్నే పట్టుకుని పోతూ ఉండకూడదు. అరసెకను పాటు కొత్త సందేశం రాకపోతే మోటార్లు ఆగాలన్న నాలుగు వరుసల కోడు ప్రతి రోబోలోనూ ఉండి తీరాలి. తేమ పట్టిన బస్తాల వెనక 2.4 గిగాహెర్ట్జ్ సంకేతం బాగా బలహీనపడుతుంది కాబట్టి గోదాములో ఇది అలంకారం కోసం పెట్టేది కాదు. యాంటెన్నా బోర్డు కొనలోనే ఉంటుంది. ఆ కొనను బ్యాటరీ హోల్డరు కింద, లోహపు పలక పక్కన దాచిపెట్టి రేంజి రావడం లేదని వాపోయే జట్లను నేను చూశాను.

సెన్సార్ల పక్షాన చూస్తే బోర్డు బలహీనత దాని ఏడీసీ, అంటే పిన్ను మీది వోల్టేజిని అంకెగా మార్చే భాగం. 12 బిట్లు, 0 నుంచి 4095 వరకు అంకెలు అని చదివి మురిసిపోనక్కరలేదు, ఆ కొలత రెండు కొసల్లోనూ వంకర తిరుగుతుంది. అందులోనూ సగం పిన్నులు, అంటే రెండో ఏడీసీ అయిన ఏడీసీ2కు చెందినవి, వైఫై నడుస్తున్నప్పుడు చదవడానికి పనికిరావు. ఈఎస్‌పీ-నౌ కూడా వైఫై రేడియో మీదే నడుస్తుంది కాబట్టి జాయ్‌స్టిక్‌ను, ఎంక్యూ-2 పొగ సెన్సారును 32 నుంచి 39 మధ్య ఉన్న పిన్నులకే కలపాలి. ఎంక్యూ-2 లోపలి హీటరు ఒక్కటే దాదాపు 150 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది, కొత్త సెన్సారును ఒక రోజంతా వేడెక్కించాక గానీ నమ్మకూడదు. దాని అంకెను ‘ఇన్ని పీపీఎం’ (పది లక్షల భాగాల్లో ఇన్ని) అని నివేదికలో రాయడం నాకు సమ్మతం కాదు. పొగ పెరిగిందా తగ్గిందా అన్నంత వరకే దాని సాక్ష్యం చెల్లుతుంది. కచ్చితమైన వోల్టేజి కొలత కావాలనుకునేవారు ఏడీఎస్1115 అనే 16 బిట్ల చిప్‌ను విడిగా కలుపుకోవడం మంచిది.

తేమకు డీహెచ్‌టీ11 బదులు డీహెచ్‌టీ22 తీసుకోవాలి. మొదటిదాని ఉష్ణోగ్రతలో తేడా 2 డిగ్రీల దాకా ఉంటుంది, రెండోదానిలో అర డిగ్రీ. ఆ ఉష్ణోగ్రతను దూరం లెక్కకు కూడా వాడుకోవచ్చు. ఎక్కువ కోడుల్లో ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లని రాసి ఉంటుంది, అది 20 డిగ్రీల దగ్గరి మాట. మన మే నెలలో 40 డిగ్రీల గోదాములో ఆ వేగం 355 దగ్గర ఉంటుంది, కాబట్టి రెండు మీటర్ల దూరంలోని గోడ దాదాపు ఏడు సెంటీమీటర్లు దగ్గరగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఈ ఒక్క సవరణ చేసిన జట్టుకు వైవాలో ఎదురుండదు. గోనె బస్తాలు మాత్రం ఆ ధ్వనిని సరిగా తిప్పి పంపవు, దానికి ఏ సవరణా లేదు.

ప్రోగ్రామింగ్‌ను కోడు రాసే సాఫ్ట్‌వేరు ఆర్డుయినో ఐడీఈలోనే చేసుకోవచ్చు కాబట్టి యునో నేర్చుకున్నవారికి కొత్తగా తడబాటు ఉండదు. అయితే ఐడీఈలో ఈఎస్‌పీ32 కోసం వేసుకునే ప్యాకేజీకి 2024లో వచ్చిన 3.0 వెర్షన్‌లో మోటారు వేగాన్ని మార్చే పీడబ్ల్యూఎం ఆదేశాల పేర్లు మారాయి. అంతకు ముందు తీసిన వీడియోలు చూసి టైపు చేసిన కోడు అందువల్లే కంపైలు కాదు, అప్పుడు కంగారు పడి బోర్డును తిట్టడం న్యాయం కాదు. అప్‌లోడు చేసేటప్పుడు ‘కనెక్టింగ్’ అని చుక్కలు పడుతూ ఆగిపోతే బూట్ బటన్ నొక్కి పట్టుకోవాలి. అసలు పోర్టే కనిపించకపోతే ముందుగా కేబులును అనుమానించాలి, ఫోనుతో వచ్చిన కేబుళ్లలో ఛార్జింగుకు తప్ప డేటాకు పనికిరానివి ఉంటాయి.

కొనేటప్పుడు 30 పిన్నుల బోర్డునే అడగండి. 38 పిన్నులవి చాలావరకు వెడల్పుగా ఉండి, సోల్డరింగ్ లేకుండా వైర్లు గుచ్చే బ్రెడ్‌బోర్డు మీద ఒక పక్క వైరు పెట్టే సందు దాదాపు మిగలనివ్వవు. పాత బ్లూటూత్ యాప్‌తో నడపాలనుకునేవారు ఎస్3, సీ3 రకాలు తీసుకోవద్దు, వాటిలో తక్కువ కరెంటుతో నడిచే బీఎల్ఈ రకం తప్ప ఆ యాప్‌లు వాడే క్లాసిక్ బ్లూటూత్ లేదు. హైదరాబాద్ వాళ్లకు కోఠీ గుజరాతీ గల్లీ అందుబాటులో ఉంది కాబట్టి వస్తువును చేతిలోకి తీసుకొని చూసి కొనే వీలుంటుంది. మిగిలిన ఊళ్ల వారికి ఆన్‌లైనే దిక్కు. మా జట్టు మొదట ఒక ఆన్‌లైన్ దుకాణం నుంచి 9800 మిల్లీ ఆంపియర్ అవర్లు అని ముద్రించిన సెల్లులు తెప్పించుకుంది. 18650 పరిమాణంలో అంత సామర్థ్యం ఎవరూ పట్టించలేరు, మంచి కంపెనీల సెల్లులే చాలావరకు 3500 దగ్గర ఆగిపోతాయి. పైన చెప్పిన రీసెట్ల కథలో సగం పాపం ఆ సెల్లులదే. బోర్డు ధర వందల్లోనే ఉంటుంది కాబట్టి రోబోకొకటి, రిమోటుకొకటి కాక అదనంగా ఇంకొకటి కొని పక్కన పెట్టుకోవడం మేలు, డెమో ముందు రాత్రి కొరియరు రాదు.

రోబో మీద కెమెరా కూడా కావాలనుకునే జట్టుకు ఈ బోర్డు సరిపోదు. ఈఎస్‌పీ32-క్యామ్ అనే చవక రకం ఉంది కానీ, కెమెరాకు పోగా మిగిలే పిన్నులు మోటార్లకూ సెన్సార్లకూ చాలవు, యూఎస్‌బీ పోర్టు లేకపోవడంతో కోడు ఎక్కించడం కూడా ఇబ్బందే. కెమెరాకు దాన్ని, నడకకు మామూలు ఈఎస్‌పీ32ను విడివిడిగా పెట్టుకోవచ్చు, కానీ బొమ్మ స్పష్టత మీద ఆశలు పెట్టుకోకూడదు. బొమ్మను చూసి వస్తువును గుర్తుపట్టడం దాకా పోవాలంటే వేలల్లో ఖర్చయినా రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు తీసుకోవాలి, అప్పుడు కూడా మోటార్లను నడిపే పనిని ఈఎస్‌పీ32కే వదిలేయమని నా సలహా.