మా మేడ మీద మూడు కిలోవాట్ల సోలార్: పది నెలల లెక్క

రిటైరయ్యేదాకా ఆర్టీసీలో కండక్టర్‌ని. ట్రిప్పు అయ్యాక లెక్క రాసుకునే అలవాటు ఇంకా పోలేదు. ఇప్పుడు రోజూ సాయంత్రం సోలార్ ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటుని ఇంటికి పనికొచ్చేలా మార్చే పెట్టె) ముందు నిలబడి, ఆ రోజు ఎన్ని యూనిట్లు వచ్చాయో డైరీలో రాస్తున్నాను. మా ఇల్లు విజయవాడ సింగ్ నగర్‌లో. 2025 ఫిబ్రవరిలో, ఇళ్ల మీద సోలార్‌కి కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ స్కీమ్ కింద మేడ మీద సోలార్ పెట్టించాను. "పెట్టించుకోవచ్చా?" అని వీధిలో రోజుకొకరు ఆపి అడుగుతున్నారు. అందరికీ ఒకేసారి చెప్పేద్దామని ఇది రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు, ఇన్వర్టర్, వైరింగ్, నెట్ మీటర్ (మనం లైనుకి పంపిన కరెంటునీ, లైను నుంచి వాడుకున్నదాన్నీ లెక్కేసే మీటరు) కలిపి 1,95,000. మనిషి కింద నడవగలిగే ఎత్తులో ఇనప స్టాండు కావాలన్నాను, దానికి ఇంకో 18,000. సబ్సిడీ 78,000 మీటరు బిగించిన మూడు వారాలకు అకౌంట్లో పడింది. మూడు కిలోవాట్లు దాటి ఎంత పెట్టుకున్నా సబ్సిడీ అంతే, పైసా పెరగదు. సెప్టెంబరులో సోలార్ పరికరాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది. "ఏడు నెలలు ఆగితే ఏం పోయేది నాన్నా" అని మా అబ్బాయి ఇప్పటికీ దెప్పుతూనే ఉన్నాడు.

2024 మేలో మాకు 330 యూనిట్లు కాలింది, బిల్లు 2,400 దాటింది. 225 యూనిట్లు దాటాక ఒక్కో యూనిట్‌కి 8.75 పడుతుంది, దెబ్బ అక్కడ. 2025 మేలో ఆ స్లాబు మొహం చూడలేదు. ఎండ బాగుంటే రోజుకు 12 యూనిట్లు. జులై ముసురులో ఐదు, ఒక రోజైతే మూడే. ఒక వింత చెప్తాను. మార్చిలో 13 వచ్చిన రోజులున్నాయి గానీ, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో 12 దాటలేదు. ప్యానెల్ వేడెక్కితే కరెంటు తగ్గుతుందట. దానికి వెలుతురు కావాలి, వేడి కాదు.

బిల్లు సున్నా మాత్రం కాదు. ఫిక్స్‌డ్ చార్జీలు ఉంటాయి. ట్రూ అప్ అనే పాత బాకీ కూడా వదల్లేదు. 2022-23లో వాడిన కరెంటుకు 2025లో కట్టాం. అప్పటి బిల్లు అప్పుడే కట్టాం కదా అంటే సమాధానం ఉండదు. ఎప్పుడో దిగిపోయిన ప్యాసింజర్‌ని వెతికి పట్టుకుని టికెట్ రేటు పెరిగింది, ఇంకో రెండ్రూపాయలివ్వు అన్నట్టుంది.

సామాను మంచిదే. పెట్టిన మనిషి మీదే నా ఫిర్యాదు. పేరు రాయను. పక్కింటి వాటర్ ట్యాంకు నీడ సాయంత్రం నాలుగింటికి ఒక ప్యానెల్ మీద పడుతుంది. ఒక్కటేగా అనుకున్నాను, కానీ అన్నీ ఒకే వరసలో కలిపాడు కాబట్టి దాంతోపాటు మిగతావీ నీరసపడతాయి. కొలతలకి పొద్దున పదింటికొచ్చి వెళ్లిపోయినవాడికి నాలుగింటి నీడ ఏం తెలుస్తుంది! ఏప్రిల్లో మిట్టమధ్యాహ్నం లైను కరెంటు పోయింది. పైన నిప్పులు కురుస్తున్నాయి, కింద ఫ్యాను తిరగదు. ఫోన్ చేస్తే, "బ్యాటరీ లేని సిస్టమ్ అంతేనండీ, లైను మీద పనిచేసేవాళ్లకి షాక్ కొట్టకుండా ఆగిపోతుంది" అన్నాడు. న్యాయమైన మాటే. అమ్మేటప్పుడు చెప్పాలి కదా మరి.

అన్నిటికంటే ఒళ్లు మండిన సంగతి ఇంకొకటుంది. ఇన్వర్టర్‌ని మెట్ల కింద, మీటరు పక్కన బిగిస్తానన్నాడు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా వీధిలోకొచ్చి ఆర్నెల్లు కాలేదు. ఆ గోడ మీద పీకల్లోతు నీళ్ల మరక ఇంకా కనిపిస్తూనే ఉంది. ఆ మరక మీద వేలు పెట్టి చూపించాను. నోరు మూసుకుని మేడ మీద మెట్ల గదిలో బిగించాడు, వైరుకు అదనంగా తీసుకున్నాడనుకోండి.

ఆ వరద గురించి మా వీధిలో ఎన్ని వాదనలో. గండ్లు ఎవరి హయాంలో పూడ్చలేదు, గేట్లు ఎవరు ఎత్తించారు, మా ఇంటికి పాతిక వేలు పరిహారం వచ్చిందా లేదా. అంత వాన ఒక్కసారే ఎందుకు పడిందని మాత్రం ఎవరూ అడగలేదు. 2022లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీ వాళ్లు సీవోటర్ అనే సర్వే సంస్థతో కలిసి మన దేశం మీద ఇచ్చిన సర్వే మా అబ్బాయి చదివి వినిపించాడు. గ్లోబల్ వార్మింగ్ (భూమి వేడెక్కడం) గురించి తెలిసింది కొంచెమేనని, అసలు వినలేదని అన్నవాళ్లు 54 శాతం. అదేమిటో రెండు ముక్కల్లో చెప్పాక, జరుగుతోందని ఒప్పుకున్నవాళ్లు 84 శాతం. మా వీధిలో కూడా అంతే. పేరు తెలియదు, నీళ్లు ఎంత ఎత్తొచ్చాయో తెలుసు.

ఓటు దగ్గరికొస్తే మాత్రం జనానికి తెలిసింది కరెంటు బిల్లే. 2000 ఆగస్టులో చార్జీల మీద గొడవై బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగినప్పుడు బస్సు నిండా అదే మాట. 2004లో వైఎస్ రైతుల ఉచిత కరెంటు ఫైలు మీద మొదటి సంతకం పెట్టినప్పుడూ అదే. ఎవరు ప్రతిపక్షంలో ఉంటే వాళ్ల చేతిలో కరెంటు బిల్లుంటుంది. 2024 ఎన్నికల్లో మా గుమ్మం ముందుకొచ్చిన ఏ పార్టీవాళ్లూ ఎండల గురించి, వానల గురించి ఓటు అడగలేదు. నేను కూడా భూమిని కాపాడదామని సోలార్ పెట్టలేదు లెండి, స్లాబు భయంతో పెట్టాను.

ఖమ్మంలో ఉన్న మా చెల్లెలిది ఇంకో లెక్క. తెల్లకార్డు, తెలంగాణ సర్కారు గృహజ్యోతి స్కీము, 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. మా ఇంటికంటే పెద్ద మేడ. నీడ పడే చెట్టు కూడా లేదు. పెట్టించుకోవే అంటే, "సున్నా బిల్లొస్తుంటే అప్పు చేసి సోలార్ ఎందుకన్నయ్యా?" అంది. ఏం చెప్తాను? ఒక సర్కారు స్కీము ఇంకో సర్కారు స్కీముకి అడ్డం.

మా కింద పోర్షన్లో అద్దెకుండే ఆటో కుర్రాడిది ఇంకా సూటి ప్రశ్న. "బాబాయ్ గారూ, మేడ ఉన్నోళ్లకేనా సూర్యుడు? మాకూ ఓటుందిగా." వాళ్ల మీటరు వేరు, ఆ బిల్లులో నా ప్యానెళ్ల వల్ల ఒక్క రూపాయి తగ్గదు. స్కీములో నాకు కనిపించిన పెద్ద లోటు ఇదే.

మా ఆవిడకి మాత్రం ఈ సోలార్ నాకంత నచ్చలేదు. స్టాండు కింద నీడ పడి వడియాలు ఎండటం లేదని.

తీసుకోవాలనుకుంటే మేడ చూడటానికి సాయంత్రం నాలుగింటికే మనిషిని రమ్మనండి, నెట్ మీటర్ వచ్చాకే చివరి పది వేలు ఇవ్వండి. నేను ముందే ఇచ్చేసి, కాగితాలు సగం నింపి వదిలేసిన మనిషి చుట్టూ ఐదు వారాలు తిరిగాను. వారానికోసారి ఎండ ఎక్కకముందే ప్యానెళ్లు కడగాలి. బోరు నీళ్లతో కడిగితే తెల్ల మచ్చలు పడుతున్నాయి, నేను మున్సిపాలిటీ నీళ్లే వాడుతున్నాను. మా ఇంటికొచ్చి చూస్తానంటే సంతోషం. ఆదివారం పొద్దున ఆరింటికి మాత్రం రాకండి, మాప్ కర్ర చేతికిస్తాను.