అమ్మమ్మా, డేకేరా, ఆయమ్మా: బెంగళూరు ఉద్యోగ దంపతులకు ఏది మేలు?

ప్రసూతి సెలవు ముగిసే నెలలో బెంగళూరులోని తెలుగువారి ఇళ్లలో ఒకటే చర్చ నడుస్తుంది: బిడ్డను ఎవరు చూసుకోవాలి? ఊరి నుంచి అమ్మనో అత్తగారినో పిలిపించుకోవడం, డేకేర్‌లో చేర్చడం, ఇంట్లో ఆయమ్మను పెట్టుకోవడం అనే మూడు మార్గాలు కనిపిస్తాయి. నాలుగోది ఒకరు ఉద్యోగం మానేయడం. ఆ ‘ఒకరు’ ఎవరన్నది అడగకుండానే తేలిపోతుంది కనుక దానిని ఈ పోలికలోకి తీసుకురావడం లేదు. మిగిలిన మూడింటినీ చాలామంది నెలవారీ ఖర్చు లెక్కతో తూస్తారు. ఖర్చు ముఖ్యమే కాని, నేనైతే ముందుగా సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర వరకు బిడ్డ ఎవరి దగ్గర ఉంటుందన్నది చూస్తాను.

చట్టం ఇచ్చే గడువు నుంచి మొదలుపెడదాం. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం మొదటి ఇద్దరు పిల్లల విషయంలో 26 వారాల జీతంతో కూడిన సెలవు కల్పించింది. అందులో 8 వారాల వరకు కాన్పుకు ముందే వాడుకోవచ్చు. అలా వాడుకున్న తల్లి తిరిగి ఆఫీసులో అడుగుపెట్టే నాటికి బిడ్డకు నాలుగు నెలలు నిండి కొద్ది రోజులే అవుతుంది; నొప్పులు వచ్చేదాకా పనిచేసిన తల్లికి దాదాపు ఆరు నెలలు దక్కుతాయి. అన్నప్రాసన అయిన బిడ్డను ఇతరులకు అప్పగించడం, తల్లిపాలు తప్ప మరొకటి ఎరుగని బిడ్డను అప్పగించడం ఒకటి కావు. ఇక తండ్రి సంగతి: కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజుల సెలవు ఉంది, ప్రైవేటు ఉద్యోగికి కంపెనీ ఎంత ఇస్తే అంత.

పెద్దవాళ్లను పిలిపించుకోవడం మనవాళ్లకు మొదట తట్టే మార్గం, అందులో తప్పేమీ లేదు. మారతహళ్లి, కుందలహళ్లి వైపు ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా ఉదయం పదిగంటలకు కిందికి దిగి చూస్తే, చేతిలో ఉగ్గు గిన్నెతో మనవడి వెనక తిరుగుతూ ప్రకాశం జిల్లా యాసలోనో కడప యాసలోనో కబుర్లు చెప్పుకునే అమ్మమ్మలు, జేజిలు కనిపిస్తారు. కూరగాయల బండివాడితో సహా సగం వీధికి తెలుగు వస్తుంది కనుక వారికి భాష బెంగ లేదు. బిడ్డకు స్నానం, నిద్ర, తిండి అన్నీ ఇంటి పద్ధతిలోనే జరుగుతాయి, జ్వరం వస్తే ఆఫీసుకు సెలవు పెట్టవలసిన అవసరం కూడా అంతగా ఉండదు. కాని ఈ ఏర్పాటుకు అయ్యే ఖర్చు మన లెక్కలోకి రాకుండా మరొకచోట పడుతుంది. ఆవిడ ఆరు నెలలు, ఈవిడ ఆరు నెలలు అని వంతులు వేసుకున్నప్పుడు, ఊళ్లో ఒంటరిగా మిగిలిన తాతయ్య కర్రీ పాయింట్ కూరలతో సరిపెట్టుకుంటూ షుగర్ మాత్ర వేసుకున్నదీ లేనిదీ ఫోన్లో చెబుతుంటాడు. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ పది కిలోల బిడ్డను రోజంతా ఎత్తుకుంటుంది. అలసిపోయానని ఆవిడ నోరు తెరిచి చెప్పదు, మనమూ అడగము.

నాకు ఇంకా ఇబ్బందిగా తోచేది మరొకటి ఉంది. ఇంట్లో అమ్మ ఉందన్న ధీమాతో దంపతులిద్దరూ గడియారం చూడటం మానేస్తారు. ఆరింటికి ఆఫీసులో సీటు నుంచి లేవవలసిన వాళ్లు ఏడున్నరకు లేస్తారు, ఆపైన సిల్క్ బోర్డ్ నుంచి కేఆర్ పురం దాకా సాగే ఔటర్ రింగ్ రోడ్డు మీద మరో గంట గడుస్తుంది, ఇల్లు చేరేసరికి బిడ్డ నిద్రపోయి ఉంటుంది. పెద్దవాళ్లు మనకు మిగిల్చిపెట్టిన తీరికను మనకు తెలియకుండానే ఆఫీసుకు ధారపోస్తున్నామన్నమాట.

డేకేర్‌లో ఆ వెసులుబాటు ఉండదు, అదే దాని మేలు. ఆరున్నరకో ఏడింటికో తలుపు మూస్తారు, ఆలస్యమైతే అదనపు రుసుము వేస్తారు. మేనేజరుకు ‘ఇంట్లో పని ఉంది’ అంటే వినపడదు కాని ‘డేకేర్ మూసేస్తారు’ అంటే వినపడుతుంది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ శిశు సంరక్షణ కేంద్రం సదుపాయం కల్పించాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చనీ 2017 సవరణ చెప్పింది. మొహమాటపడకుండా హెచ్‌ఆర్‌ను ఈ సంగతి అడగాలి. డేకేర్ లోపాలూ చిన్నవి కావు. మొదటి కొన్ని నెలలు జలుబు, దగ్గు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటూనే ఉంటాయి, జ్వరం వచ్చిన బిడ్డను రానివ్వరు, ఆ రోజు ఎవరో ఒకరు సెలవు పెట్టక తప్పదు.

ఆఫీసు దగ్గరి డేకేరా, ఇంటి దగ్గరిదా అన్న ప్రశ్నకు, పాలు తాగే వయసు దాటేవరకు తల్లి ఆఫీసు దగ్గరిది, ఆ తర్వాత ఇంటి దగ్గరిది మేలని నా అభిప్రాయం. ఇంటి దగ్గరైతే తీసుకొచ్చే పని తండ్రి కూడా చేయగలడు.

ఆ పని ఎవరు చేయాలన్నది చాలావరకు ఆఫీసులో దంపతుల టీంలు ఏ దేశంతో పనిచేస్తాయన్నదే తేలుస్తుంది. లండన్‌లో ఉదయం తొమ్మిదంటే మనకు వేసవిలో మధ్యాహ్నం ఒకటిన్నర, చలికాలంలో రెండున్నర; కనుక ఆ టీం వాళ్ల మీటింగులు సరిగ్గా డేకేర్ మూసే వేళకే ముదురుతాయి. కాలిఫోర్నియాలో తొమ్మిదంటే మనకు రాత్రి తొమ్మిదిన్నర, లేదా పదిన్నర; ఆ టీంలో పనిచేసేవాళ్లు ఆరింటికి బిడ్డను తీసుకొచ్చి అన్నం పెట్టగలరు కాని, కాల్ మొదలయ్యాక బిడ్డ లేచి ఏడిస్తే రెండోవారే చూసుకోవాలి. దంపతుల్లో ఒకరు అటు, ఒకరు ఇటు ఉంటే పని సులువుగా పంచుకోవచ్చు. ఇద్దరూ లండన్ వైపే ఉంటే ఒకరు టీం మారడం గురించి ఆలోచించడం మంచిది.

రోజంతా ఆయమ్మ మీదే ఆధారపడటం మూడింటిలోకీ నాకు తక్కువ నచ్చిన మార్గం. మంచి ఆయమ్మ దొరికితే అంతకంటే సుఖం లేదు, కాని ఆవిడ ఊరికి వెళ్లి పది రోజులు రాకపోతే మరో దారి ఉండదు; పైగా గదిలో కెమెరా పెట్టి ఆఫీసులో ఫోన్ చూస్తూ కూర్చునే తల్లికి పని మీద ధ్యాస నిలవదు.

అందుచేత రోజువారీ సంరక్షణకు డేకేర్, ఆపత్సమయానికి పెద్దవాళ్లు అన్నదే నా ఎంపిక. హిందూపురం, మదనపల్లె వాళ్లకు ఇది తేలిక, ఉదయం ఫోన్ చేస్తే మధ్యాహ్నానికి బస్సు దిగుతారు. కాకినాడ వాళ్లు శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో ఒక రాత్రి గడిపి రావాలి కనుక, డేకేర్‌లో చేర్చిన మొదటి రెండు నెలలు మాత్రం అమ్మనో అత్తగారినో దగ్గర ఉంచుకుని, బిడ్డ అలవాటుపడ్డాక పంపించడం మేలు. ఇద్దరికీ సాయంత్రం వీలుపడని ఇళ్లలో, డేకేర్ నుంచి తీసుకొచ్చి రెండు గంటలు ఆడించడానికి మాత్రమే ఆయమ్మను పెట్టుకోవచ్చు. డేకేర్ చూడటానికి వెళ్లేవారు, నిర్వాహకులు రమ్మన్న ఉదయం పదకొండింటికి కాకుండా సాయంత్రం ఆరింటికి వెళ్లి, అప్పటికి ఎంతమంది పిల్లలు మిగిలారో, వాళ్ల దగ్గర ఎందరు ఆయాలు ఉన్నారో చూసి చేర్చాలి.