గేరు వైరు ఒక్కటే మార్చాలా, ఔటరు కూడా మార్చాలా: ఏది మేలు?

వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో రోడ్ బైకు తొక్కేవారు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: గేర్లు మొరాయిస్తున్నాయి, లోపలి వైరు మారిస్తే సరిపోతుందా, లేక ఔటరు (వైరు లోపల జారే గొట్టం లాంటి పై తొడుగు) కూడా మార్పించాలా? రెండు మార్గాలకూ తగిన కారణాలున్నాయి. ఇక్కడ రాసేది షిమానో 105, అల్టెగ్రా వంటి వైరుతో నడిచే 11 స్పీడు (వెనుక పదకొండు పళ్ళ చక్రాలున్న) గేర్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నది.

లోపలి వైరును మాత్రమే మార్చడం సులువైన పని. చెయిన్‌ను వెనుక అన్నిటికన్నా చిన్న కాగ్ (పళ్ళ చక్రం) మీదికి దింపి, డిరైలర్ (చెయిన్‌ను ఒక కాగ్ నుంచి మరొకదానికి జరిపే భాగం) దగ్గర బోల్టు వదులు చేసి, వైరును హ్యాండిల్ మీది గేరు లివర్ వైపు నెడితే దాని తల రంధ్రంలోంచి బయటికి వస్తుంది; హ్యాండిల్‌కు చుట్టిన బార్ టేప్ విప్పవలసిన అవసరం లేదు. ఈ పని ఖర్చు తక్కువ కావడం ఒక లాభమైతే, వైరు సాధారణంగా తెగేది లివర్ లోపలే కావడం దీన్ని సమర్థించే అసలు కారణం. వైరు బార్ టేప్ కింద నుంచి వెళ్ళే లివర్లలో అది చాలా చిన్న వంపు తిరగాలి, గేరు మార్చిన ప్రతిసారీ అదే చోట వంగి నిటారు కావాలి. అలా ఒక్కొక్క పోగే తెగుతూ వస్తుంది. తెగిన పోగులు లివర్ లోపల చిక్కుకుంటే వాటిని పట్టకారుతో లాగడం ఎంత కష్టమో చేసినవారికే తెలుసు. వెనుక వైరు దారిలో పూర్తిగా తెగిపోతే డిరైలర్ స్ప్రింగు చెయిన్‌ను చిన్న కాగ్ మీదికి లాగేస్తుంది. 13 గంటల 30 నిమిషాల్లో ముగించవలసిన 200 కిలోమీటర్ల బ్రెవె (గడువులోగా పూర్తి చేయవలసిన దూరపు రైడు) మధ్యలోనో, వికారాబాద్ దగ్గర అనంతగిరి ఎక్కుతున్నప్పుడో అది జరిగితే ఇబ్బంది ఎంతటిదో ఊహించవచ్చు. (అటువంటప్పుడు డిరైలర్ మీది హెచ్ స్క్రూను, అంటే చిన్న కాగ్ వైపు చెయిన్ ఎంతవరకు జరగాలో నిర్ణయించే స్క్రూను, బాగా బిగిస్తే చెయిన్‌ను ఒకటి రెండు కాగ్‌లు పైకి నిలపవచ్చు, చిన్న స్క్రూడ్రైవర్ వెంట ఉంచుకోవడం అందుకే మంచిది.) కాబట్టి గేర్లు బాగానే పడుతున్నా, నాలుగైదు వేల కిలోమీటర్లకు ఒకసారి లోపలి వైరు మార్చడం అవసరమే.

అయితే పాఠకులు అడుగుతున్నది తెగే వైరు గురించి కాదు, మొరాయించే గేర్ల గురించి. అక్కడ నిర్ణాయకమైనది ఔటరేనని నా దృఢమైన అభిప్రాయం. పెద్ద కాగ్ మీదికి వెళ్ళేటప్పుడు వైరును లాగేది మన వేలు. ఔటరులో కొంత రాపిడి ఉన్నా వేలి బలం దాన్ని దాటేస్తుంది. చిన్న కాగ్ మీదికి దిగేటప్పుడు మనం చేసేది వైరును వదలడమే, దాన్ని వెనక్కి లాక్కోవలసింది డిరైలర్ స్ప్రింగు. ఆ స్ప్రింగు బలం పరిమితం. అందువల్ల పైకి సరిగ్గా ఎక్కుతూ, కిందికి దిగేటప్పుడు మాత్రం చెయిన్ ఒక క్షణం ఆగి, ఆలస్యంగా పడుతున్నదంటే మొదట అనుమానించవలసింది ఔటరునే. పాత 8 స్పీడులో ఒక కాగ్ నుంచి మరొకదానికి 4.8 మిల్లీమీటర్ల దూరం ఉండేది, 11 స్పీడులో అది 3.74 మాత్రమే, ఒకప్పుడు తెలియకుండా పోయిన రాపిడి ఇప్పుడు స్పష్టంగా బయటపడుతుంది.

ఔటరంతటిలోనూ ముందుగా చెడేది వెనుక డిరైలర్‌లోకి దిగే చివరి వంపు. వెనుక చక్రం చిమ్మే బురద నీరంతా దాని మీదే పడుతుంది, పైనుంచి వైరు వెంట జారే నీరూ అక్కడికే చేరుతుంది. పాత ముక్కను విప్పి, శుభ్రమైన వైరును అందులో దూర్చి వేళ్ళతో ముందుకూ వెనక్కూ ఆడిస్తే ఇసుక రాసుకుంటున్నట్టు చేతికే తెలుస్తుంది, వైరు మీద నల్లటి జిడ్డు అంటుకుని వస్తుంది. విశాఖ, కాకినాడ వంటి తీర ప్రాంతాల్లో దీనికి తోడు ఔటరులోని ఉక్కు తీగలు కోసిన చివర తుప్పు పడతాయి. అటువంటి ఔటరులో కొత్త వైరు వేస్తే కొద్ది రోజులు బాగున్నట్టు అనిపించి మళ్ళీ మొదటికే వస్తుంది.

కనుక నేను సూచించేది ఇది: లోపలి వైరు మార్చిన ప్రతిసారీ ఆ చివరి ముక్కను తప్పనిసరిగా మార్చండి, దానికి బార్ టేప్ విప్పనక్కర్లేదు, ఖర్చూ స్వల్పమే. టేప్ కింది ఔటరును టేప్ మార్చేటప్పుడు మార్పించండి. కొత్త ముక్కను సైకిల్ వైరు కట్టరుతోనే కోయాలి. మామూలు కటింగ్ ప్లయరుతో కోస్తే చివర నలిగి, లోపలి ప్లాస్టిక్ గొట్టం నోరు మూసుకుపోతుంది. మంచి కట్టరుతో కోసినా ఆ నోటిని సూదితో గుండ్రంగా తెరిచిన తర్వాతే ఔటరు చివరకు క్యాపు తొడగాలి. వైరు ఫ్రేము లోపలి నుంచి వెళ్ళే బైకుల్లో పాత వైరు లాగేయక ముందే దాని మీదుగా సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని ఫ్రేములోకి ఎక్కించి, కొత్త వైరును అందులోంచి పంపాలి; లేకపోతే పది నిమిషాల పనికి పూట గడిచిపోతుంది.

షిమానో ఎస్‌పీ41 వంటి ఔటరులో సిలికాన్ గ్రీజు ముందే నింపి ఉంటుంది కాబట్టి దుకాణంలో నూనె చుక్కలు వేస్తానంటే వద్దనండి, అది గ్రీజుతో, మన దుమ్ముతో కలిసి జిగురవుతుంది. గేరు ఔటరు లేదని బ్రేకు ఔటరు వేయనివ్వకండి. అందులో తీగ చుట్టలుగా ఉండి నొక్కుకుపోతుంది, గేర్లు కుదురుగా నిలవవు.

పూత పూసిన వైర్లు కొత్తలో హాయిగా జారుతాయి, కానీ కొన్నిటి పూత లివర్ దగ్గర పీచులా లేస్తుంది. ధరలోని తేడా చూస్తే మామూలు స్టెయిన్‌లెస్ వైరును తరచుగా మార్చడమే నాకు నచ్చుతుంది. అల్యూమినియం ముక్కలు గుచ్చిన ఖరీదైన ఔటర్లు తేలిక, మన్నిక కోరేవారికి పనికొస్తాయి. ఎలక్ట్రానిక్ గేర్లలో ఈ ప్రశ్నే లేదు, కానీ వైరు సమస్య కోసం అంత ఖర్చు పెట్టనక్కర్లేదు.

ఏ మార్గం ఎంచుకున్నా మొదటి కొన్ని రైడ్లలో క్యాపులు, ఔటరు చివర్లు తమ చోట్ల సర్దుకుని వైరు కొంచెం వదులవుతుంది. అప్పుడు డిరైలర్ దగ్గరి బ్యారెల్ అడ్జస్టరును (వైరు బిగువును సరిచేసే మరను) వైరు బిగిసే వైపు పావు చుట్టు చొప్పున తిప్పుతూ సరిచూసుకుంటే చాలు. హెచ్ స్క్రూ వంటి లిమిట్ స్క్రూలను ముట్టుకోనక్కర్లేదు.