క్రేయోలా ‘కలర్స్ ఆఫ్ ది వరల్డ్’: పక్కింటి పాప కోసం కొన్న 24 రంగుల డబ్బా

అమెరికాలోని మిన్నెసోటాలో మా పక్కింటి తెల్లవాళ్ళు మూడేళ్ళ కిందట విశాఖ నుంచి ఓ పాపని దత్తత తెచ్చుకున్నారు. అప్పుడు నాలుగేళ్ళు, ఇప్పుడు ఏడు. సాయంత్రం వాళ్ళమ్మ ఆఫీసు నుంచి వచ్చేదాకా మా ఇంట్లోనే బొమ్మలేసుకుంటూ ఉంటుంది. ఏ బొమ్మ వేసినా అమ్మకీ నాన్నకీ తనకీ ఒకటే రంగు, తెల్లవాళ్ళ ఒంటికి దగ్గరగా ఉండే పీచ్. జుట్టు ముగ్గురికీ పసుపే.

చూస్తే నాకు అదోలా ఉండేది, ఏమనాలో తెలిసేది కాదు. మా ఆఫీసులో ఒకావిడ కొరియాలో పుట్టి ఇక్కడి తెల్లవాళ్ళింట్లో పెరిగారు. ఈ రాష్ట్రంలో అలాంటివాళ్ళు చాలామందే. ఆవిడతో అంటే నవ్వేసి, "అయిదో తరగతి దాకా నేనూ నా జుట్టుకి పసుపే వేశా" అన్నారు. ఈ డబ్బా కొనమని చెప్పింది ఆవిడే.

ఇందులో 24 క్రేయాన్లూ మనుషుల ఒంటి రంగులే. 2020లో వచ్చాయి. పీచ్‌ని 1962 దాకా ఇదే కంపెనీ ‘ఫ్లెష్’, అంటే ఒంటి రంగు, అనే పేరుతో అమ్మింది. ఎవరి ఒంటిదో మరి! డబ్బా పక్కన రంగులు వరసగా అచ్చేసి ఉంటాయి, పిల్లలు చెయ్యి ఆనించి చూసుకోవచ్చు. పాప అంతటితో ఆగలేదు. ఒక్కోటీ కాగితం మీద గీసి, చెయ్యి పక్కన పెట్టి చూసింది. మోచేతికి ఒకటి కుదిరింది, అరచేతికి వేరేది. "దీని పేరేంటి ఆంటీ?" అంది. లేబుల్ మీద ఇంగ్లీషు, స్పానిష్, ఫ్రెంచ్ పేర్లున్నాయి. నేను "చామనఛాయ" అన్నా. "చాయ్ లాగానా?" అని ఒకటే నవ్వు.

తర్వాత అడిగింది: "మరి నన్ను కన్న అమ్మకి ఏ రంగు వెయ్యాలి?"

వాళ్ళమ్మ అప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. ఇదివరకైతే మాట మార్చేసేది. ఈ మధ్య దత్తత కుటుంబాల కౌన్సెలర్ దగ్గరికి వెళ్తోంది. ‘రంగు మాకు కనబడదు అని పాపతో అనకండి, తనకి రోజూ కనబడుతూనే ఉంటుంది’ అన్నారట అక్కడ. బూట్లయినా విప్పకుండా పాప పక్కన కూచుని, "నాకు తెలీదమ్మా. నీ రంగుకి దగ్గరగా ఉండొచ్చు. నువ్వే చూడు" అంది. పాప మూడు క్రేయాన్లు తీసి పక్కన పెట్టుకుంది. ఆ రోజు ఏదీ వెయ్యలేదు.

మనవాళ్ళూ తక్కువేం కాదు. ఉగాది పాట్‌లక్‌లో ఓ పెద్దావిడ, తెలుగు రాదులే అనుకుని, పాప ముందే "కళగానే ఉంది గానీ నలుపు" అంది. నాలుగేళ్ళు విశాఖలో పెరిగిన పిల్లకి నలుపంటే తెలియదా? ఇంటికొచ్చేదాకా పాప మాట్లాడలేదు.

అయిదు స్టార్లూ ఇస్తున్నా. డబ్బా చేతికిచ్చేసి ఫోన్ పట్టుకుని కూచోకండి, ప్రశ్నలు వస్తాయి. ఇంకోటి, జుట్టుకి నలుపు కావాలంటే మామూలు డబ్బా కూడా ఉండాలి. మా ఇంట్లో ఉన్న నల్ల క్రేయాన్ మొన్నటికి గోరంత మిగిలింది.