గెన్షిన్ ఇంపాక్ట్: చాన్నాళ్లు ఆడాక, ముఖ్యంగా సుమేరు గురించి

బరంపురంలో మా వీధి కుర్రాళ్లలో గెన్షిన్ ఇంకా ఆడుతున్నవాణ్ని నేనొక్కణ్నే అనుకుంటా, మిగతావాళ్లంతా ఎప్పుడో బీజీఎమ్ఐ అనే తుపాకుల ఆటకి వెళ్లిపోయారు. ఆట బాగుందా అంటే బాగుంది. 2020లో వచ్చింది, ఫోన్లో ఫ్రీగా ఇంత పెద్ద లోకం ఇస్తుంటే వంక పెట్టడానికి నోరు రాదు. రెసిన్, అంటే బహుమతులు తీసుకోవడానికి ఖర్చుపెట్టే శక్తి, అయిపోతే ఆ పూటకి పెద్ద పనేం ఉండదు, ఉద్యోగం చేసుకునేవాడికి అదీ ఒకందుకు మంచిదే. గాచాలో, అంటే క్యారెక్టర్ల కోసం ఆడే లాటరీలో, మాత్రం డబ్బు పెట్టకండి. 90 విష్‌ల (లాటరీ లాగుళ్ల) లోపు అరుదైన ఫైవ్ స్టార్ ఖాయమే గానీ వచ్చేది మీరు కోరుకున్న క్యారెక్టరే అవ్వాలని లేదు.

అసలు రాయాలనుకున్నది ఆటలోని సుమేరు అనే దేశం గురించి. 2022 ఆగస్టులో అది వచ్చినప్పుడు మ్యాప్ తెరిచి పేర్లు చదువుకుంటూ కూర్చున్నాను: గంధర్వ విల్, అవిద్య అడవి, లోకపాల జంగిల్. కోసుకునే పువ్వుల్లో నీలోత్పల, కల్పలత. అక్కడి విద్యాపీఠంలో ఆరు శాఖలు, ఒక్కోదాన్నీ 'దర్శన్' అంటారు, షడ్దర్శనాలు గుర్తొచ్చి సంబరపడ్డాను, తీరా చూస్తే ఆ శాఖల పేర్లు పార్సీల పవిత్ర గ్రంథం అవెస్తా వైపు నుంచి తెచ్చినవి. ఇంకొంచెం నడిస్తే ఎడారి, పిరమిడ్లు. వంటల్లో బిర్యానీ, షవర్మా, బక్లావా పక్కపక్కనే. ఈజిప్టు, ఇరాన్, అరబ్బు, ఇండియా అన్నీ కలిపి ఒక్క దేశం చేశారన్నమాట. చైనాకి లియూ, జపాన్‌కి ఇనజుమా మాత్రం వేటికవే ఉన్నాయి. మరి మనకెందుకు విడిగా లేదు?

దీనికి కుట్ర అక్కర్లేదు. తయారుచేసిన కంపెనీ షాంఘైది. లియూలో కొండల ఆకారం నుంచి టీ కొట్లో కథలు చెప్పేవాడి దాకా అన్నీ వాళ్లు చిన్నప్పట్నుంచీ చూస్తూ పెరిగినవే, యున్ జిన్ అనే క్యారెక్టర్ ఒపెరా పాటని అసలైన చైనా ఒపెరా కళాకారిణి చేతే పాడించారు. పైగా ఆన్‌లైన్ ఆట అంటే ఒకసారి చేసి వదిలేసేది కాదు. పుణె వాళ్లు 2020లో 'రాజీ' అనే ఆట చేశారు, మన పురాణాల మీదే, చక్కగా ఉంటుంది, కానీ అది ఒక్కరే ఆడుకునే ఆట, కథ అయిపోతే అయిపోయినట్టే. గెన్షిన్‌కి దాదాపు ఆరు వారాలకోసారి కొత్త సరుకు దింపాలి, ఏటా లాంటర్న్ రైట్ పండగ మళ్లీ జరపాలి. పైపైన తెలిసిన సంస్కృతితో ఒక మ్యాప్ గీయొచ్చు, ఏళ్ల తరబడి కథలు అల్లలేరు.

రెండోది, ఈ ఆటల ఎముకలే వేరు. 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే రోల్‌ప్లే ఆట దగ్గర్నుంచీ రాక్షసుణ్ని చంపు, లెవెల్ పెంచుకో, సామాను ఏరుకో అన్నదే వరస. మా ఊళ్లో రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర జరుగుతుంది. అమ్మవారు పుట్టింటికొస్తుంది, మొక్కుకున్నవాళ్లు పులి వేషమో ఇంకోటో కట్టి వీధుల్లో తిరుగుతారు. రోల్‌ప్లే అంటే అసలు అది! ఒప్పుకున్న మొక్కు, దానికో గడువు, వేషం కట్టినవాణ్ని చూసే వీధి, అన్నీ ఉన్నాయి. కానీ అందులో ఎవర్నీ కొట్టేది లేదు, కాబట్టి దెబ్బ ఎంత తగిలిందో చెప్పే డ్యామేజ్ నంబర్ ఎక్కడ చూపించాలో డిజైనర్‌కి తెలీదు. పోట్లాట లేకుండా ప్రాచీన ఈజిప్టు మీద 'ఎ టేల్ ఇన్ ద డెజర్ట్' 2003లోనే వచ్చింది, కుదరదని కాదు, పెద్ద కంపెనీలు ఆ దారి పట్టలేదు.

భయం కూడా ఉంది. 2008లో ఫాల్అవుట్ 3 అనే ఆటని సాంస్కృతిక సున్నితత్వం పేరు చెప్పి మైక్రోసాఫ్ట్ ఇండియాలో విడుదలే చేయలేదు. రేపు ఠాకురాణి అమ్మవారికి లెవెల్ పెట్టి గాచా బ్యానర్‌లో అమ్మితే మా వీధిలోనే గొడవవుతుంది, అందులో నేనూ ఉంటాను, అబద్ధమెందుకు. అందుకే కాబోలు జనం రోజూ మొక్కే దేవుళ్ల జోలికి పోకుండా సంస్కృతం, పాలీ, అవెస్తా పేర్లతో సరిపెట్టారు.

ఇక డబ్బు. ఇండియా నుంచి వచ్చే డబ్బు మీద కంపెనీ పెద్దగా ఆశ పెట్టుకోలేదనిపిస్తుంది. ఆటలో మాటలు నాలుగు భాషల్లో వినొచ్చు, రాత ఇంకా చాలా భాషల్లో ఉంది, వాటిలో మన దేశపు భాష ఒక్కటీ లేదు. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, ఫోన్లో హిందీ మాట్లాడే మా మేనకోడలు ఇంగ్లీషు డైలాగులన్నీ స్కిప్ చేసేస్తుంది. ఓ రోజు స్క్రీన్ చూసి "మావయ్యా, ఎడారిలో ఉంటూ వీళ్లకి ఎండ తగలదా?" అంది. ఇద్దరు ముగ్గుర్ని పక్కనపెడితే అందరూ తెల్లగానే ఉంటారు మరి. దాని మీద అప్పట్లో చాలామంది విమర్శించారు, సబబే.

ఇన్ని అన్నాక కూడా సుమేరులో అరణ్యక అనే పొడుగాటి క్వెస్ట్ వదలొద్దంటాను. చిన్నపిల్లలకే కనబడి వాళ్లు పెద్దయ్యాక మరుపుకొచ్చే అడవి జీవుల కథ, అరువు పేర్ల మీద కాకుండా తన కాళ్ల మీద నిలబడింది. ఎడారి భాగం ఓపికుంటేనే ఆడండి. మామూలు ఫోనైతే గ్రాఫిక్స్ లోలో పెట్టుకోండి, స్టోరేజ్ ముందే బాగా ఖాళీ చేసుకోండి. ఆటకి అయిదుకి నాలుగిస్తాను, సుమేరుకి ఆ అడవి పుణ్యాన మూడు.