ఏఎఫ్117 పోతే: జెర్మేనియమా, సిలికానా?

విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ దగ్గర కూడా గరగర తప్ప వినిపించని 1960ల నాటి రేడియోలో ముందు అనుమానించాల్సింది ఏఎఫ్117 అనే జెర్మేనియం ట్రాన్సిస్టర్‌నే. దాని డబ్బా లోపల సన్నని తగరపు మీసాలు పెరిగి, ఎలక్ట్రోడ్లను కవచానికి కలిపేస్తాయి. దాని బదులు మరో జెర్మేనియం ట్రాన్సిస్టర్ పెట్టాలా, సిలికాన్‌దా?

ఖర్చు: సిలికాన్ చవక; జెర్మేనియం దొరకడమే కష్టం.

శ్రమ: ఏఎఫ్127 అనే మరో జెర్మేనియం ట్రాన్సిస్టర్ దాదాపు నేరుగా సరిపోతుంది. సిలికాన్‌కు బేస్ (ట్రాన్సిస్టర్‌ను నియంత్రించే కాలు) దగ్గర జెర్మేనియానికి సరిపోయే 0.2 వోల్టులు చాలవు, సుమారు 0.6 కావాలి, కనుక ఆ వోల్టేజీని నిర్ణయించే బయాస్ నిరోధకాలు మార్చాలి. ఏఎఫ్117 లాగే పీఎన్‌పీ రకమే (ఎన్‌పీఎన్‌కు ధ్రువత తిరగబడినది) తీసుకోవాలి. గెయిన్ (సిగ్నల్‌ను పెంచే శక్తి) ఎక్కువై ఐఎఫ్ దశ, అంటే మధ్యస్థ పౌనఃపున్యంలో సిగ్నల్‌ను పెంచే భాగం, ఈల వేయవచ్చు కూడా.

ముప్పు: పెట్టె విప్పని పాత ఏఎఫ్117లోనూ మీసాలు ఉండవచ్చు. దయచేసి దాన్ని కొనకండి.

సెట్టును అసలు రూపంలో కాపాడాలంటే ఏఎఫ్127. వేడికి జెర్మేనియంలో లీకేజీ కరెంటు పెరుగుతుంది కనుక, గుంటూరు ఎండల్లో రోజంతా మోగే సెట్టుకు సిలికాన్.