సంతకాల్లో మోసం ఆరోపణ: పార్టీ విచారణా, కోర్టు కేసా?

అమెరికాలోని న్యూయార్క్‌లో పార్టీ ప్రైమరీ (పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) బ్యాలెట్‌పై పేరు రావాలంటే ఓటర్ల సంతకాలు సేకరించాలి. రాష్ట్ర అసెంబ్లీ సీటుకైతే కావలసినవి గరిష్ఠంగా 500. ప్రతి కాగితం అడుగునా "వీళ్లంతా నా ఎదుటే సంతకం పెట్టారు" అన్న అర్థంలో సాక్షి, అంటే ఆ సంతకాలు సేకరించిన వ్యక్తి, ప్రకటన ఉంటుంది. దానికి ప్రమాణపత్రంతో సమానమైన విలువ ఉంది. పైన పది సంతకాలూ ఒకే చేతిరాతలో కనిపిస్తే టెన్షన్ మొదలైనట్టే.

ఆ సాక్షి పార్టీ కమిటీ సభ్యుడే అయితే ఏం చేయాలి?

పార్టీయే తొలగించవచ్చు. పార్టీ ద్రోహం, పదవిలో అవినీతి కారణాలతో న్యూయార్క్ చట్టం అందుకు ఒప్పుకుంటుంది. కానీ నోటీసు, రాతపూర్వక అభియోగాలు, విచారణ తప్పనిసరి. పని త్వరగా అవుతుంది. అయితే తీర్పు చెప్పేది తోటి సభ్యులే. వాళ్లలో ఎదుటి వర్గం వాళ్లుంటే పాత కక్షలు తీర్చుకునే ప్రమాదం నిజంగా ఉంది. తీసేసినా పోయేది పదవి మాత్రమే.

కోర్టులో సాక్ష్యం గట్టిగా నిలబడాలి, శిక్షా గట్టిగానే ఉంటుంది. కానీ ఆలస్యం! ఇండియానా రాష్ట్రంలోని సెయింట్ జోసెఫ్ కౌంటీలో 2008 అధ్యక్ష ప్రైమరీ కోసం ఒబామా, హిల్లరీ క్లింటన్ పత్రాలపై దొంగ సంతకాలు పెట్టారు. కౌంటీ డెమొక్రటిక్ చైర్మన్ 2011లో రాజీనామా చేశారు. జ్యూరీ ఆయన్ను దోషిగా తేల్చింది 2013లో.

అన్నేళ్లు ఆగడం నాకు సమ్మతం కాదు. ముందు పార్టీ విచారణ జరగాలి, కానీ ఏ వర్గానికీ చెందనివాళ్ల చేత. ఎవరి పేరు వాడుకున్నారో ఆ ఓటరును పిలిచి, కాగితం చూపించి, "ఇది మీ సంతకమేనా?" అని అడగాలి.